ఒంటికన్ను డైరెక్టర్: రౌల్ వాల్ష్ అసలు కథ

పోయిన ఎపిసోడ్ కింద చాలా మంది అడిగింది ఒకటే. "బ్రో, యాక్టర్‌గా మొదలుపెట్టి డైరెక్టర్‌గా మారినవాళ్ళ మీద ఒకటి చెయ్యి" అని. సరే, చేద్దాం. అయితే చాప్లిన్ గురించి అందరూ చెప్తారు. నేను ఇవాళ చెప్పబోయే మనిషి పేరు రౌల్ వాల్ష్. మీలో తొంభై శాతం మంది ఈ పేరు విని ఉండరు, నో ప్రాబ్లమ్. కానీ అతను తీసిన సినిమాల ఛాయలు మీరు కచ్చితంగా చూసే ఉంటారు.

ముందు ఒక చిన్న ప్రయోగం చేద్దాం. ఈ మనిషి కథని 30 సెకన్ల రీల్‌గా చేస్తే ఎలా ఉంటుందో వినండి. "ఒక నటుడు. ఒక రాత్రి ఎడారిలో కారులో వెళ్తున్నాడు. అడవి కుందేలు ఒకటి ఎగిరి కారు అద్దాన్ని పగలగొట్టింది. గాజు ముక్కలు గుచ్చుకుని కుడి కన్ను పోయింది. నటుడిగా కెరీర్ ఖతం. అయినా అతను ఆగలేదు. డైరెక్టర్ అయ్యాడు. జాన్ వేన్ లాంటి సూపర్‌స్టార్‌ని ప్రపంచానికి ఇచ్చాడు." వెనకాల వయొలిన్ మ్యూజిక్. లక్ష లైక్‌లు గ్యారంటీ.

ఇందులో అబద్ధం ఏముంది చెప్పండి? కుందేలు నిజం. కన్ను పోవడం నిజం. జాన్ వేన్ నిజం. డైరెక్టర్ అవడం కూడా నిజమే. తప్పు ఎక్కడుందంటే వరసలో. కోడ్ రాసినవాళ్ళకి ఇది బాగా తెలుసు. లాగ్ ఫైల్‌లో లైన్లన్నీ కరెక్టుగానే ఉంటాయి, టైమ్‌స్టాంప్ తారుమారైతే చాలు, ఎర్రర్ ఎందుకొచ్చిందో మనం పూర్తిగా తప్పుగా అర్థం చేసుకుంటాం. అందుకే ఇవాళ ఈ కథని తేదీలతో సహా చెప్పుకుందాం.

గుర్రం ఎక్కడం వచ్చు కాబట్టి

వాల్ష్ 1887 మార్చి 11న న్యూయార్క్‌లో పుట్టాడు. అసలు పేరు ఆల్బర్ట్ ఎడ్వర్డ్ వాల్ష్. కుర్రతనంలో ఇల్లు వదిలి తిరిగాడు, గుర్రాల దగ్గర పని చేశాడు. అతను చెప్పుకున్నదాన్ని బట్టి నటన అనేది ప్లాన్ చేసి వచ్చింది కాదు. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోకి ఒక నాటకం ట్రూప్ వచ్చింది. స్టేజీ మీద గుర్రపు స్వారీ చేసే మనిషి కావాలి. ఇతనికి గుర్రం వచ్చు. అంతే, తీసుకున్నారు. డైలాగ్ చెప్పడం వచ్చా, ఏడవడం వచ్చా అని ఎవరూ అడగలేదు.

అక్కడి నుంచి న్యూయార్క్‌లో సినిమాలు. అప్పట్లో సినిమా అంటే పది పదిహేను నిమిషాలు ఉండే మూకీ. తర్వాత డి.డబ్ల్యు. గ్రిఫిత్ దగ్గర చేరాడు. గ్రిఫిత్ ఎవరంటే, క్లోజప్, క్రాస్ కటింగ్ లాంటి పద్ధతుల్ని కథ చెప్పడానికి ఎంత బలంగా వాడొచ్చో చూపించిన డైరెక్టర్. ఆయన బృందం కాలిఫోర్నియాకి వెళ్ళినప్పుడు వాల్ష్ కూడా వెళ్ళాడు. అక్కడ అతను ఉద్యోగం ఒకటి, పని రెండు అన్నట్టు ఉన్నాడు. కెమెరా ముందు వేషం వేసేవాడు, వేషం లేనప్పుడు అసిస్టెంట్‌గా పని చేసేవాడు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, తర్వాత దీని దగ్గరికే వస్తాం.

1914లో ఒక విచిత్రం జరిగింది. మెక్సికోలో విప్లవం నడుస్తోంది. పాంచో విల్లా అనే విప్లవ నాయకుడితో మ్యూచువల్ అనే ఫిల్మ్ కంపెనీ కాంట్రాక్టు కుదుర్చుకుంది. అవును, యుద్ధం చేస్తున్న మనిషితో సినిమా కాంట్రాక్టు! ఆ సినిమా పనికి వాల్ష్‌ని మెక్సికో పంపించారు. యువకుడిగా ఉన్న విల్లా వేషం కూడా ఇతనే వేశాడు. ఖైదీలని తెల్లవారకముందే కాల్చేస్తుంటే, వెలుతురు చాలట్లేదు కాస్త ఆగి కాల్చమని విల్లాని అడిగి ఒప్పించానని తర్వాత ఆత్మకథలో రాసుకున్నాడు. వింటుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది కదా? ఇది నిజమేనా? తేల్చడానికి మన చేతిలో సినిమా లేదు. ఆ ఫిల్మ్ పోయింది.

ఇంకోటి కూడా ఇక్కడే చెప్పేస్తా. వాల్ష్ గొప్ప కథకుడు, పేజీ మీద కూడా. 1942లో నటుడు జాన్ బ్యారీమోర్ చనిపోతే, శవాన్ని తీసుకొచ్చి ఎరల్ ఫ్లిన్ ఇంట్లో కుర్చీలో కూర్చోబెట్టి ఫ్లిన్‌ని హడలగొట్టానని చెప్పేవాడు. ఫ్లిన్ కూడా అదే చెప్పాడు. కానీ బ్యారీమోర్ స్నేహితుడు, రచయిత జీన్ ఫౌలర్ మాత్రం ఆ రాత్రంతా శవం దగ్గర మేమే ఉన్నాం, అలాంటిదేం జరగలేదన్నాడు. కాబట్టి వాల్ష్ చెప్పిన కథల్ని ఎంజాయ్ చెయ్యండి, కానీ సాక్ష్యంగా వాడకండి.

లింకన్‌ని కాల్చిన చెయ్యి

1915. గ్రిఫిత్ తీసిన 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' విడుదలైంది. మూడు గంటల సినిమా. అందులో అధ్యక్షుడు అబ్రహాం లింకన్‌ని థియేటర్‌లో కాల్చి చంపే జాన్ విల్క్స్ బూత్ పాత్ర వాల్ష్‌ది. బాల్కనీ నుంచి స్టేజీ మీదకి దూకే ఆ సీన్ ఇప్పటికీ సినిమా కోర్సుల్లో చూపిస్తారు. ఈ సినిమాకి అతను అసిస్టెంట్ డైరెక్టర్లలో కూడా ఒకడు.

ఇప్పుడు ఇక్కడ ఆగాలి. ఎందుకంటే ఈ సినిమా గురించి "టెక్నికల్‌గా అద్భుతం" అని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోవడం కుదరదు. ఇది నల్లజాతి ప్రజల్ని రాక్షసులుగా, కూ క్లక్స్ క్లాన్ అనే హంతక ముఠాని వీరులుగా చూపించిన సినిమా. తెల్లవాళ్ళే మొహానికి నల్లరంగు పూసుకుని ముఖ్యమైన నల్లజాతి పాత్రలు వేశారు. నల్లజాతి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ ఊరూరా నిరసన చేసింది. చచ్చిపోయిందనుకున్న క్లాన్ అదే 1915లో జార్జియాలో మళ్ళీ పుట్టింది, ఈ సినిమాని ప్రచారానికి వాడుకుంది. అంటే సినిమా థియేటర్‌లో ఆగలేదు, వీధిలోకి వచ్చి మనుషుల ప్రాణాల మీదకి తెచ్చింది. వాల్ష్ ఈ సినిమాలో పని నేర్చుకున్నాడు. రెండూ నిజాలే. ఒకటి చెప్పి ఇంకోటి దాచడం నాకు ఇష్టం లేదు.

అదే ఏడాది, 1915లోనే, అతను ఫాక్స్ కంపెనీకి మారి 'రీజెనరేషన్' తీశాడు. ఇది అమెరికాలో పూర్తి నిడివితో వచ్చిన తొలి గ్యాంగ్‌స్టర్ సినిమాల్లో ఒకటి. తల్లిదండ్రులు లేని పిల్లాడు న్యూయార్క్ బస్తీలో పెరిగి ముఠా నాయకుడవుతాడు. ఒక అమ్మాయి వల్ల మారతాడు. కథ ఇంతే. కానీ చూడండి, సెట్ వెయ్యలేదు. లోయర్ ఈస్ట్ సైడ్ బస్తీల్లోకి కెమెరా తీసుకెళ్ళాడు. అక్కడి మనుషుల్నే నిలబెట్టాడు. ఆ మొహాలు మేకప్ మొహాలు కావు. ఈ సినిమా పోయిందనే చాలా ఏళ్ళు అనుకున్నారు, 1970లలో ఒక ప్రింటు దొరికింది. 2000లో అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలోకి ఎక్కింది.

టైమ్‌స్టాంప్ నోట్ చేసుకోండి. 1915కే ఇతను డైరెక్టర్. వయసు 28. కుందేలు ఇంకా 13 ఏళ్ళ దూరంలో ఉంది.

ఎగిరే తివాచీ

1924. డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ అప్పటి యాక్షన్ హీరో, నిర్మాత కూడా. అతను 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్' అనే భారీ సినిమా మొదలుపెట్టి డైరెక్షన్ వాల్ష్‌కి ఇచ్చాడు. ఖర్చు పది లక్షల డాలర్లు దాటింది. విలియం కామెరాన్ మెంజీస్ వేసిన సెట్లు చూస్తే, గ్రాఫిక్స్ అనే మాటే లేని రోజుల్లో ఇది ఎలా సాధ్యమైందా అనిపిస్తుంది. ఎగిరే తివాచీ ఉంది కదా, దాన్ని ఇనుప పలకలాగ చేసి, తీగలతో క్రేన్‌కి వేలాడదీసి, మనుషుల మీదుగా నిజంగానే తిప్పారు. తీగ తెగితే హీరో కిందే!

బాగ్దాద్ దొంగ అనగానే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి 1968 నాటి ఎన్టీఆర్ గారి 'బాగ్దాద్ గజదొంగ' గుర్తొస్తుంది. ఆ దొంగ ప్రపంచమంతా ఫేమస్ అవడానికి 1924 నాటి ఈ మూకీ, ఆ తర్వాత 1940లో వచ్చిన బ్రిటిష్ సినిమా పెద్ద కారణాలు.

1926లో 'వాట్ ప్రైస్ గ్లోరీ' అనే యుద్ధం సినిమా. మూకీనే. కానీ నటులు షూటింగ్‌లో నిజంగానే బూతులు తిట్టుకున్నారు. శబ్దం లేదు కాబట్టి ఎవరికీ తెలీదనుకున్నారు. పెదాల కదలిక చదవగలిగినవాళ్ళు థియేటర్లో కూర్చుని మొత్తం పట్టేశారు. ఫిర్యాదులు వెళ్ళాయి. టికెట్లు ఇంకా తెగాయి!

నటుడి చివరి రీలు

ఇప్పుడు 1928కి వద్దాం. గ్లోరియా స్వాన్సన్ అనే టాప్ హీరోయిన్ సొంతంగా 'సేడీ థాంప్సన్' నిర్మించింది. సెన్సార్ వాళ్ళు భయపడే కథ. డైరెక్టర్ వాల్ష్. సార్జెంట్ ఓ'హారా అనే హీరో పాత్ర కూడా అతనే వేశాడు. ఏళ్ళ తర్వాత మళ్ళీ కెమెరా ముందుకి వచ్చాడు, బాగా చేశాడు. స్వాన్సన్‌కి మొట్టమొదటి అకాడమీ అవార్డుల్లో నామినేషన్ వచ్చింది. వాల్ష్‌కి కూడా మళ్ళీ ఆశ పుట్టింది.

వెంటనే 'ఇన్ ఓల్డ్ అరిజోనా' మొదలైంది. స్టూడియో బయట తీసిన తొలి పెద్ద టాకీ వెస్టర్న్ ఇది. డైరెక్టర్ వాల్ష్, సిస్కో కిడ్ అనే హీరో కూడా వాల్షే. యూటా ప్రాంతంలో షూటింగ్. రాత్రి కారులో వెళ్తున్నారు. హెడ్‌లైట్ల వెలుగుకి బెదిరిన కుందేలు ఎగిరి అద్దంలోంచి లోపలికి వచ్చింది. కుడి కన్ను పోయింది.

సినిమాని ఇర్వింగ్ కమ్మింగ్స్ అనే డైరెక్టర్ పూర్తి చేశాడు. సిస్కో కిడ్ వేషం వార్నర్ బాక్స్‌టర్‌కి వెళ్ళింది. బాక్స్‌టర్‌కి ఆ పాత్రకే ఉత్తమ నటుడి ఆస్కార్ వచ్చింది. ఒక్కసారి ఆలోచించండి. మీరు వెయ్యాల్సిన వేషం. మీరు ఆసుపత్రి మంచం మీద ఉన్నారు. వేరేవాడు అది వేసి ఆస్కార్ పట్టుకెళ్ళాడు.

వాల్ష్ ఆ తర్వాత నటించలేదు. కంటికి నల్ల పట్టీ కట్టుకుని తిరిగాడు. గాజు కన్ను పెట్టుకోవచ్చుగా అని అడిగితే, ఎవరితోనైనా కొట్లాట వచ్చినప్పుడల్లా దాన్ని తీసి జేబులో పెట్టుకోవాలి, నా వల్ల కాదన్నాడని చెబుతారు. ఇంకో విషయం. అతను నటించిన 'సేడీ థాంప్సన్' చివరి రీలు పాడైపోయింది. ఇప్పుడు మనం చూసే వెర్షన్‌లో ఆ భాగాన్ని ఫోటోలతో, తర్వాత వచ్చిన రీమేక్ ముక్కతో నింపారు. నటుడిగా అతని ముగింపు సినిమాలో కూడా లేకుండా పోయింది.

ఇప్పుడు రీల్ వెర్షన్‌ని మళ్ళీ చూడండి. కన్ను పోయాక డైరెక్టర్ అవ్వలేదు. డైరెక్టర్ అయిన 13 ఏళ్ళకి కన్ను పోయింది. అందుకే నిలబడ్డాడు. ఈ రెండు వాక్యాలకీ చాలా తేడా ఉంది. మొదటిది "దెబ్బ తగిలితే కొత్త దారి దానంతట అదే దొరుకుతుంది" అంటుంది. రెండోది "దెబ్బ తగిలే నాటికి ఇంకో పని చేతిలో ఉంది కాబట్టి బతికాడు" అంటుంది.

పోలిక కావాలంటే వాళ్ళ ఇంట్లోనే ఉంది. తమ్ముడు జార్జ్ వాల్ష్ కూడా నటుడే, అన్న కంటే అందగాడు, పెద్ద స్టార్. 'బెన్ హర్' హీరోగా ఎంపికై ఇటలీ వెళ్ళాడు. 1924లో కంపెనీలు కలిసి ఎంజీఎం ఏర్పడింది. కొత్త యాజమాన్యం డైరెక్టర్‌నీ మార్చింది, హీరోనీ మార్చింది. వేషం రామోన్ నొవారోకి పోయింది. జార్జ్ తప్పేమీ లేదు. పైన ఎవరో మీటింగ్‌లో తీసుకున్న నిర్ణయం. ఆ తర్వాత అతని కెరీర్ కోలుకోలేదు. చివర్లో అన్న తీసిన సినిమాల్లో చిన్న పాత్రలు వేసి 1930ల మధ్యలో మానేశాడు. కష్టపడే గుణంలో ఇద్దరికీ తేడా లేదు. ఒకడి దగ్గర రెండో పని ఉంది, ఇంకొకడి దగ్గర లేదు.

నేను మెకానికల్ బీటెక్ చదివి జావా రాసిన బ్యాచ్. సపోర్ట్ ప్రాజెక్టులో నాలుగేళ్ళు చేశా. నైట్ షిఫ్ట్‌లో టికెట్లు రాని టైమ్‌లో ఎడిటింగ్ నేర్చుకున్నా. ఉద్యోగం మానేసి వీడియోల్లోకి వచ్చానని చెప్పినప్పుడల్లా జనం "ధైర్యం బ్రో" అంటారు. ధైర్యం కాదండీ. మానేసే నాటికి రెండేళ్ళ ప్రాక్టీస్ ఉంది. అందుకే "రేపు రిజైన్ చేసేస్తా, ఏదో ఒకటి అవుతుంది" అని మెసేజ్ పెట్టే తమ్ముళ్ళకి నేను ఆల్ ది బెస్ట్ చెప్పను. ముందు ఆ రెండో పని ఏంటి, వారానికి ఎన్ని గంటలు చేస్తున్నావ్ అని అడుగుతా.

జాన్ వేన్ కట్టిన బిల్లు

ప్రమాదం తర్వాత రెండేళ్ళకి, 1930లో, వాల్ష్ 'ది బిగ్ ట్రెయిల్' తీశాడు. బండ్ల మీద పడమటి దేశానికి వలస వెళ్ళే జనం కథ. హీరోగా ఫాక్స్ స్టూడియోలో సామాన్లు మోసే 23 ఏళ్ళ కుర్రాడు మారియన్ మోరిసన్‌ని తీసుకున్నాడు. ఆ పేరు హీరోకి సెట్ అవ్వదని జాన్ వేన్ అని మార్చారు. అవును, ఆ జాన్ వేనే.

ఫాక్స్ వాళ్ళు దీన్ని 'గ్రాండర్' అనే 70 ఎంఎం వైడ్ స్క్రీన్‌లో తీశారు. మామూలు 35 ఎంఎం వెర్షన్ కూడా పక్కనే తీశారు. బండ్లని తాళ్ళతో కొండ మీద నుంచి కిందకి దించే సీన్ ఉంటుంది. ఫోన్‌లో చూసినా నోరు తెరుస్తారు. కానీ సినిమా ఫ్లాప్. ఎందుకు? థియేటర్ల వాళ్ళు అప్పుడే టాకీల కోసం సౌండ్ మెషీన్లకి డబ్బు తగలేశారు. 1929 అక్టోబర్‌లో స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. ఇప్పుడు కొత్త ప్రొజెక్టర్, కొత్త తెర కొనమంటే ఎవరు కొంటారు? వైడ్ వెర్షన్ రెండు మూడు థియేటర్లకే పరిమితమైంది. ఆ టెక్నాలజీని పక్కన పడేశారు. వైడ్ స్క్రీన్ మళ్ళీ జనం ముందుకి గట్టిగా వచ్చింది 1953లో, సినిమాస్కోప్‌తో.

నష్టం ఎవరికి ఎక్కువ తగిలింది? వాల్ష్‌కి ఇంకో సినిమా వచ్చింది. కుర్రాడు మాత్రం తొమ్మిదేళ్ళు చవక సినిమాల్లో తిరిగాడు, 1939లో జాన్ ఫోర్డ్ 'స్టేజ్‌కోచ్' వచ్చేదాకా. "పరిచయం చేశాడు" అనే మాట వెనక ఈ తొమ్మిదేళ్ళు కూడా ఉన్నాయి. పెద్ద ప్రయోగం ఫెయిల్ అయితే బిల్లు చాలాసార్లు జూనియర్ కడతాడు. ఉద్యోగం చేసేవాళ్ళకి ఇది నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

యాభై దాటాక

1939లో వాల్ష్ వార్నర్ బ్రదర్స్‌కి వెళ్ళాడు. వయసు 52. అతని బెస్ట్ పీరియడ్ అప్పుడు మొదలైంది. 'ది రోరింగ్ ట్వెంటీస్', 'దే డ్రైవ్ బై నైట్', 1941లో 'హై సియెర్రా'. ఈ చివరిదాన్ని జార్జ్ రాఫ్ట్ వద్దన్నాక హంఫ్రీ బోగార్ట్ చేశాడు. అప్పటిదాకా విలన్ పక్కన నిలబడే బోగార్ట్‌ని హీరోగా చూడటం జనం అక్కడే మొదలుపెట్టారు. అందులో హీరోయిన్ ఐడా లుపినో. తర్వాత ఆమె కూడా డైరెక్టర్ అయింది. 1949లో 'నాట్ వాంటెడ్' సినిమా తీస్తున్న డైరెక్టర్ ఎల్మర్ క్లిఫ్టన్‌కి గుండెపోటు వస్తే ఆమే పూర్తి చేసింది. ఆ క్లిఫ్టన్ ఎవరో తెలుసా? 'బర్త్ ఆఫ్ ఎ నేషన్'లో వాల్ష్‌తో పాటు నటించి, తర్వాత డైరెక్టర్‌గా మారిన మనిషే! ప్రపంచం ఎంత చిన్నదో చూడండి.

అదే 1949లో వాల్ష్ 'వైట్ హీట్' తీశాడు. ఒక్క సీన్ చెప్తా. జైలు భోజనాల హాలు. జేమ్స్ క్యాగ్నీ గ్యాంగ్‌స్టర్. బయట తల్లి ఎలా ఉందో కనుక్కోమంటాడు. ఆ ప్రశ్న ఒక ఖైదీ చెవి నుంచి ఇంకో ఖైదీ చెవికి బల్ల పొడవునా వెళ్తుంది, కెమెరా దాని వెంట వెళ్తుంది. చివరి మనిషి జవాబు చెప్తాడు. అదే దారిలో జవాబు వెనక్కి వస్తుంది. తల్లి చనిపోయింది. మనకి జవాబు ముందే తెలిసిపోయింది, క్యాగ్నీకి ఇంకా చేరలేదు. ఆ కొన్ని సెకన్లు ఉన్నాయి చూశారూ, అదే డైరెక్షన్. తర్వాత క్యాగ్నీ పిచ్చెక్కినట్టు అరుస్తూ బల్లల మీద పడతాడు. నటుడికి ఎప్పుడు దారి వదలాలో ఒకప్పటి నటుడికి బాగా తెలుసు.

షాట్ నడుస్తుంటే వాల్ష్ కొన్నిసార్లు అటు తిరిగి, సిగరెట్ చుట్టుకుంటూ డైలాగ్ వినేవాడని చెబుతారు. వినడానికి బాగుంటే తీసిందీ బాగున్నట్టే లెక్క.

ఇక్కడ కూడా ఒక మాట. 1941లో అతను తీసిన 'దే డైడ్ విత్ దెయిర్ బూట్స్ ఆన్' సినిమా జనరల్ కస్టర్‌ని మహావీరుడిగా చూపిస్తుంది. చరిత్ర పరంగా చాలా తప్పులు. కానీ 1964లో తీసిన చివరి సినిమా 'ఎ డిస్టెంట్ ట్రంపెట్'లో ఆదివాసీ పాత్రలు తమ భాషలోనే మాట్లాడతాయి, కింద సబ్‌టైటిల్స్ వస్తాయి. అప్పటి హాలీవుడ్‌లో ఇది అరుదు. పాత లెక్క మొత్తం దీంతో చెల్లిపోయిందని నేను అనను. కానీ 77 ఏళ్ళ వయసులో అటువైపు ఒక అడుగు వేశాడు.

వందకి పైగా సినిమాలు. అకాడమీని స్థాపించిన 36 మందిలో ఒకడు. అయినా ఉత్తమ దర్శకుడిగా ఒక్క నామినేషన్ కూడా రాలేదు. చివరి రోజుల్లో రెండో కంటి చూపు కూడా తగ్గిపోయింది. 1980 డిసెంబర్ 31న, 93 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, 'రీజెనరేషన్', 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్' రెండిటికీ అమెరికాలో కాపీరైట్ తీరిపోయింది, నెట్‌లో ఫ్రీగా చూడొచ్చు. మూకీ అలవాటు లేకపోతే ముందు 'వైట్ హీట్' చూసి, తర్వాత వెనక్కి వెళ్ళండి. ఇంకో హోమ్‌వర్క్. ఈ వారం మీ ఫీడ్‌లో వచ్చిన ఏదో ఒక సక్సెస్ స్టోరీ తీసుకుని, అందులో సంఘటనల పక్కన తేదీలు రాసి చూడండి. వరస మారితే కింద కామెంట్‌లో పెట్టండి, మంచివి వచ్చే ఎపిసోడ్‌లో చదువుతా.

మళ్ళీ కలుద్దాం. ఉంటా మరి.